ఎగిరిన రేకు: సటీకాతాత్పర్యము

మూలము: తుపానుచే ధ్వస్తమైన కప్పునకు, సర్వేయరు చూచి వ్రాసినంత, తరుగు పోను, సగటునకు లోబడి, సొమ్ము చెల్లును.

అవతారిక: 2014 అక్టోబరు 12వ తేది, ఆదివారము మధ్యాహ్నము, ఒమాను దేశము సూచించిన పక్షినామమును ధరించి హుద్‌హుద్ తుపాను గంటకు 170-180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు, విమానాశ్రయపు పైకప్పు మొదలుకొని గాజువాక వైపు షెడ్ల రేకులవఱకు గాలిపాలు కాగా, అంతవఱకు బీరువాలో పట్టుచీరల క్రింద నిద్రించుచుండిన పాలసీ కాగితములను పలువురు తొలిసారిగా చదువ మొదలిడిరి. వారి క్లేశమే ఈ వ్యాఖ్యకు హేతువు.

టీక: తుపానుచే = గాలిచేతనే, తుప్పుచేత కాదని భావము. ఇచ్చట పూర్వపక్షము బలమైనది. సముద్రపు ఉప్పుగాలి ఏటేట హుక్కు బోల్టులను తినుచునే యుండును గనుక, సర్వేయరు నిచ్చెన యెక్కి, యజమానుని ముఖము చూడక బోల్టు ముఖమే చూచును. అది వంగి, తెగినచోట లోహము తళుక్కుమనెనా, గాలి చేసిన పని. ఎఱ్ఱని పొడి రాలెనా, కాలము చేసిన పని. కాలము చేసిన పనికి ఏ కంపెనీయు బీమా ఈయదు. రెండును కలిసి కనబడినచో? బోల్టు ఎంత దుర్బలమైనను ఆ పూట గాలి వీవనిదే ఊడియుండదు గదా! ఆసన్నకారణమే గ్రాహ్యమనుట బీమాశాస్త్రమున ప్రసిద్ధము గావున, వ్యాఖ్యాత యజమానుని పక్షమే.

సర్వేయరు = లైసెన్సు గలవాడు. నష్టము 20,000 రూపాయలు, అంతకు మించినచో వీని నివేదిక తప్పదని నాటి చట్టము. కబురందిన 72 గంటలలో వీనిని నియమింపవలెనని నాటి నిబంధన. కరెంటు, ఫోను లేని ఆ దినములలో కబురందించుటయే ప్రథమ పురుషార్థమయ్యెను.

చూచి = ఉన్నదున్నట్లు చూచి. ఇందొక ధర్మసంకటము కలదు. నష్టము పెరుగనీయకుమని పాలసీ, ఆనవాలు చెఱుపకుమని సర్వేయరు. టార్పాలిను కప్పినచో కన్నము కనబడదు, కప్పకున్నచో టీవీ తడిసిపోవును. విరోధపరిహారమేమనగా, ముందు ఫోటోలు, పిదప టార్పాలిను, ఆపైని టార్పాలిను కొన్న రసీదు. ఊడిన రేకును పాత ఇనుపసామానువానికి అమ్మరాదు, అదియే ప్రథమసాక్షి.

తరుగు = పాత రేకునకు కొత్త రేకు ధర యీయరనుట. స్పష్టము.

సగటు = 10 లక్షల కట్టడమును, ప్రీమియము కలిసివచ్చునని, 5 లక్షలకే బీమా చేయించినవాడు తక్కిన సగమునకు తానే బీమా కంపెనీ యగును; 2 లక్షల నష్టమునకు లక్షయే వచ్చును. అందునుండియు, ఆ కట్టడము నివాసగృహము కానిచో, దైవికోపద్రవమగుటచే, తొలి 5 శాతము, కనీసము 10,000 రూపాయలు, కోసివేయుదురు. దైవము చేసిన దానికి మానవుడు వాటా పెట్టుకొనుట ఏ దర్శనమున నున్నదో! 2021లో వచ్చిన భారత్ గృహరక్ష పాలసీ ఇండ్లవఱకు ఈ సగటును ఎత్తివేసినది.

తాత్పర్యము: కప్పు గాలికే పోయినదని ఫోటోతో చూపి, రసీదులు జతపఱచి, బీమా చేయించిన పాలును బట్టి సొమ్ము అందుకొనవలెను.

విశేషము: ‘చెల్లును’ అనునది తద్ధర్మక్రియ, అన్ని కాలములకు వర్తించును గాన ఏ తేదీకిని కట్టుబడదని వైయాకరణులును, కొన్ని క్లెయిము ఆఫీసులును ఏకాభిప్రాయము వెలిబుచ్చిరి. 2002 నాటి బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు దీనిని ఖండించినవి: నివేదిక అందిన 30 దినములలో నిర్ణయము తెలుపవలెను, పాలసీదారు సమ్మతించిన 7 దినములలో సొమ్ము చెల్లింపవలెను, జాగు చేసినచో బ్యాంకు రేటుపై 2 శాతము అదనపు వడ్డీ. అడిగినవారికే ఈ వడ్డీ జ్ఞాపకము వచ్చునని సంప్రదాయజ్ఞులు.