కనపడకూడని చొక్కా

శత్రువు కంట పడకూడదని సైన్యం మచ్చల బట్ట కట్టింది. మన కుర్రాళ్లు ఊరందరి కంటా పడాలని అదే తొడుక్కుంటున్నారు! జవాను మెడలో బిళ్ల ఉంటే, ప్రాణం పోయినా మనిషెవరో తెలుస్తుంది. మనవాడి బిళ్ల మీద పుర్రె బొమ్మే; పేరు అడిగితే ఇన్‌స్టాలో చూసుకోమంటాడు. సిక్స్ పాకెట్ ప్యాంటులో తూటాలకు బదులు దువ్వెన, ఇయర్‌బడ్స్, నాన్న దగ్గర గుంజిన ఐదొందలు.

ఫ్యాషన్ సైన్యం వెంట పడితే, సైన్యమేమో 2022లో తెచ్చిన కొత్త యూనిఫాంకు ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ సాయం తీసుకుంది. ఎవరూ కాపీ కొట్టకుండా డిజైన్‌ను రిజిస్టర్ కూడా చేయించింది. తెల్లారుజామున లేచి పరుగెత్తే అలవాటుకు మాత్రం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాన్నెవడూ కాపీ కొట్టడు!