కొలిస్తే తగ్గే చెరువు

సూర్యాపేట జిల్లాకు సముద్రతీరం లేదని భూగోళం పుస్తకాలు రాస్తాయి. రాసినవాళ్లు మా జిల్లాను చూసి ఉంటే, హైవే మీద బస్సు ఆగిన పది నిమిషాల్లో చాయ్ తాగుతూ చూసి ఉంటారు. దిగి లోపలికి వస్తే తెలిసేది. మాకు తీరం ఉంది, అదీ రకరకాలు. చింతలపాలెం మండలంలో సర్కారు ఇచ్చిన తీరం, కోదాడలో వాన ఇచ్చిన తీరం, పేటలో సద్దుల చెరువు కట్ట మీద మినీ ట్యాంక్‌బండ్ పేరుతో అమరిన తీరం. లేనిదల్లా ఉప్పు ఒక్కటే.

పైగా సముద్రానికి పోయే దారి మాది. పుణెలో బయల్దేరిన 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ఆగాలంటే సూర్యాపేట, కోదాడ దాటాల్సిందే. అది చాలదని ఫ్యూచర్ సిటీ నుంచి బందరు రేవుకు గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు వేస్తామని, తెలంగాణలో డ్రై పోర్టు పెడతామని సర్కారు అంటోంది. నీళ్లు లేని రేవు ఎట్లుంటది బావా అని మా బావమరిది అడిగాడు. ఎండకాలం మన ఊరి చెరువు లెక్కనే ఉంటది, కాకపోతే లారీలు దిగుతయి అని చెప్పాను. ఆ లెక్కన మన చెరువుల కూడా లారీలే దిగుతున్నయి గద, మొరం పోసుకుంట అన్నాడు. పిల్లవాడు తెలివిగలవాడు, గ్రూప్స్ ఎందుకు రావట్లేదో తెలియదు.

తీరం మాట వచ్చింది గనక ఢిల్లీ కబురొకటి. దేశానికి 7,516 కిలోమీటర్ల తీరం ఉందని బడిలో బట్టీ పట్టాం. ఈమధ్య మళ్లీ కొలిచి 11,098 కిలోమీటర్లని తేల్చారు. సముద్రం ముందుకు రాలేదు, నేల వెనక్కి పోలేదు. పాత లెక్క ముతక పటం మీద తీసింది. ఈసారి సన్నటి పటం పట్టుకొని, ప్రతి పాయ మూతినీ ప్రతి వంకరనూ లెక్కలోకి తీసుకున్నారు. అంతే, మూడున్నర వేల కిలోమీటర్లు పుట్టుకొచ్చాయి. ఆంధ్రకు 973 ఉన్నది 1,053 అయింది. తెలంగాణకు సున్నా ఉండె, దాన్ని ఎంత శ్రద్ధగా కొలిచినా సున్నానే వచ్చింది. ఇందులో నాకు నచ్చింది ఏమంటే, శ్రద్ధగా కొలిస్తే తీరం పెరుగుతుంది. మా చెరువులది మాత్రం వేరే గణితం. ఎంత శ్రద్ధగా కొలిస్తే అంత తగ్గుతాయి. పాత రెవెన్యూ రికార్డు సేత్వార్‌లో ఉన్నంత పహాణీలో ఉండదు, పహాణీలో ఉన్నంత ధరణి పోర్టల్‌లో కనబడదు. ఇప్పుడు భూభారతి వచ్చింది. చెరువులు ఊపిరి బిగబట్టుకొని ఉన్నాయి.

నీళ్లకు ఇంజినీర్లు గీసే గీతలు రెండు. ప్రాజెక్టుకు గీస్తే ఎఫ్‌ఆర్‌ఎల్, చెరువుకు గీస్తే ఎఫ్‌టీఎల్. రెండూ చెప్పేది ఒకటే: నిండితే నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి, ఇక్కడ ఉండకు. ఉండకూడనిది ఎవరనే దగ్గర తేడా వస్తుంది.

మొదటి గీత పులిచింతలది. కృష్ణకు అటు పులిచింతల, ఇటు చింతలపాలెం మండలంలో మా వజినేపల్లి. 45.77 టీఎంసీల నీళ్లు, 175 అడుగుల గీత. 1988లో ఎన్టీఆర్ శంకుస్థాపన చేశారు. ఆ రాయి చుట్టూ తుమ్మచెట్లు పెరిగి పెద్దవయ్యాక 2004లో వైఎస్ మళ్లీ చేశారు. 2013 డిసెంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి జాతికి అంకితం చేశారు, ఆరు నెలలకు ఆ రాష్ట్రమే రెండు ముక్కలైంది. పేరు కె.ఎల్. రావు సాగర్. నీళ్లేమో కింద కృష్ణా డెల్టాకు, పదమూడు లక్షల ఎకరాలకు. మా వాటాకు ఎడమ గట్టు మీద 120 మెగావాట్ల కరెంటు, దాని వెనకాల ముంపు.

ఆ 175 అడుగుల గీత విషయంలో సర్కారు చూపించిన నిక్కచ్చితనం చూస్తే చేతులెత్తి మొక్కాలి. నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు, రేబల్లె, ఇట్లా ఊరి వెంట ఊరు కొలిచారు. గీత ఇంటి నడిమిట్ల నుంచి పోతే ఇల్లు పాయె, మిర్చి చేను మీదుగా పోతే చేను పాయె. గోడకు నంబరు వేశారు. దర్వాజాకింత, కొట్టానికింత, జామచెట్టుకింత, నిమ్మచెట్టుకింత అని ధర కట్టారు. గట్టు మీది చింతచెట్టు నీదా నీ తమ్మునిదా అని పంచాయితీ పెట్టించి మరీ రాసుకున్నారు. ‘జర అటు జరుపు సారూ, రెండు గజాలే గద’ అన్నవాళ్లు ఉండే ఉంటారు. గీత జరగలేదు. అది ఆకాశం నుంచి దిగిన గీత, సముద్రమట్టం నుంచి లెక్కగట్టింది. చూశారా, మాకు సముద్రంతో ఉన్న చుట్టరికం! ఎన్నడూ చూడని సముద్రం నుంచి 175 అడుగులు కొలిచి మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించారు.

మనుషులు గీత దాటకుండా చూసుకున్నంత నిక్కచ్చిగా నీళ్లను చూసుకోవడం మాత్రం కుదరలేదు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. ఆ సందులో స్టాప్‌లాగ్ బిగించాలంటే నీటిమట్టం దిగాలి, మట్టం దిగాలంటే నీళ్లు వదలాలి. వదిలారు. ఏళ్లకేళ్లు రాళ్లు మోసి, ఊళ్లు లేపి నింపుకున్న నీళ్లు రెండు మూడు రోజుల్లో సముద్రం దారి పట్టాయి. అంతకు రెండేళ్ల ముందు, 2019 అక్టోబరులో, మూసీ ప్రాజెక్టు గేటొకటి ఇట్లాగే దెబ్బతిని నీళ్లను దిగువకు సాగనంపింది. మా వైపు గేట్లకు సముద్రం చూడాలని మహా కోరిక.

రెండో గీత ఎఫ్‌టీఎల్. ఇది ఊరి చెరువుది గనక సముద్రమట్టంతో పనిలేదు, స్థానిక మట్టం చాలు. 2012 నాటి జీవో 168 ఏమంటుందంటే, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు వదిలి ఇల్లు కట్టుకోవాలి. చక్కటి రూలు. ముట్టుకుంటే మాసిపోతుందని ఎవరూ ముట్టుకోలేదు.

చెరువు హద్దు రాయి బతుకు మీద ఎవరన్నా పీహెచ్‌డీ చేయాలి. నాటిన ఏడు తెల్లసున్నంతో, ఎర్ర అక్షరాలతో పెళ్లికొడుకు మాదిరి నిలబడుతుంది. రెండో ఏడు బర్రెలు వీపు గీరుకుంటాయి. మూడో ఏడు పక్కకు ఒరుగుతుంది, దానికి ఎవరో ఫ్లెక్సీ తాడు కడతారు. నాలుగో ఏడు అది కొత్త ఇంటి గేటు ముందు ర్యాంపు కింద కనబడుతుంది, అక్షరాలు లోపలి వైపుకు తిరిగి. చెరువు లోపలి శిఖం భూమికీ ఇట్లాంటి క్రమమే ఉంది. మొదట నీళ్లు తగ్గినప్పుడు కాసింత జొన్న. తర్వాత రాత్రిపూట నాలుగు ట్రిప్పుల మొరం. తర్వాత కడీలు. కడీల తర్వాత కమాను, కమాను మీద ‘వెంచర్’.

ఒక ఊళ్లో ఒక సర్వేయర్‌ను (ఏ ఊరని అడగకండి, ఏ ఊరైనా ఒకటే) పట్టుకొని అడిగాను.

‘సారూ, ఈ చెరువు ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాక?’

‘చెరువుల ఇప్పుడు నీళ్లున్నయా?’

‘లేవు.’

‘మరి లేని నీళ్లకు గీత ఎట్ల గీస్తం? నిండినంక రండ్రి.’

‘నిండినంక వస్తే గీస్తరా?’

‘నీళ్లల్ల చెయిన్ ఎట్ల గుంజుతం సార్? మీరే చెప్పుండ్రి.’

నేనేం చెప్తాను! ఆయన మోటార్ సైకిల్ స్టార్ట్ చేసుకొని పోయాడు. పోతూ పోతూ, అప్లికేషన్ పెట్టుకుంటే ఇన్వర్డ్ నంబర్ వేయిస్తానని హామీ ఇచ్చాడు.

దీనికితోడు అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోమంటే రాష్ట్రమంతటా పాతిక లక్షల మంది పెట్టుకున్నారు. 2025లో ఫీజులో పాతిక శాతం తగ్గించి, గడువు మీద గడువు ఇచ్చారు. చెరువు, శిఖం ప్లాట్లకు ఇది వర్తించదని స్పష్టంగా రాశారు. వర్తించదు సరే, వర్తించని ప్లాటు ఏదో తేలాలంటే గీత కనబడాలి. గీత కోసం చెరువు నిండాలి. చెరువు నిండితే చెయిన్ గుంజలేరు.

హైదరాబాద్‌వాళ్లకు 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చింది. అది ఔటర్ రింగు రోడ్డు దాటి రాదు. ఇటువైపు వాన వచ్చింది. ఆగస్టు 31 రాత్రి మొదలై తెల్లారి సెప్టెంబర్ 1 దాకా కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతంలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు దగ్గరగా పడింది. చెయిన్ లేదు, ఇన్వర్డ్ నంబర్ లేదు, ఒక్క రాత్రిలో సర్వే అయిపోయింది. నాలాల మీద ఏయే గోడలు లేచాయో, ఏ కాలనీ ఒకప్పుడు ఏ అలుగు దారో నీళ్లు ఇంటింటికీ పోయి చెప్పొచ్చాయి. కార్లు తేలాయి. సాగర్ ఎడమ కాల్వకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర గండి పడింది. అవతల గరికపాడు దగ్గర పాలేరు వంతెన కోసుకుపోయి, హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఆగింది. లారీలు రేవులో ఓడల్లా లంగరేసుకొని నిలబడ్డాయి. ఆ రోజు కోదాడలో ప్రాణాలు కూడా పోయాయి. ఆ మాట ఈ కాలమ్‌లో ఇమడదు, ఇమడకూడదు. దాన్ని ఎవరి లెక్కలో రాయాలో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

వరద తగ్గాక అందరూ వచ్చారు. రావడంలో మా వాళ్లకు లోటు లేదు. నీటిపారుదల మంత్రి మా హుజూర్‌నగర్ ఎమ్మెల్యేనే, కోదాడ ఎమ్మెల్యే ఆయన సతీమణే. రాష్ట్రంలో ఇంకే ప్రాంతానికీ పట్టని అదృష్టం, చెరువు గురించి చెప్పుకోవాలంటే ఒక్క గుమ్మం ఎక్కితే చాలు. కాబట్టి ఇక గీత దొరక్కపోతే నెపం దూరం మీదకు నెట్టడానికి వీల్లేదు.

నాకో అనుమానం ఉంది. గీత దొరకకపోవడం చేతగానితనం కాదు. నెమలిపురిలో గీసిన చెయ్యే కదా ఇది, అక్కడ జామచెట్టును కూడా వదల్లేదు. అక్కడ గీతకు అవతల మిర్చి రైతు ఉన్నాడు, అతనికి నంబరు వేసి లేపితే డెల్టాకు నీళ్లొస్తాయి. ఇక్కడ గీతకు అవతల ప్లాట్లున్నాయి, గజం ధర ఉంది, రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంది, పర్మిషన్ ఇచ్చిన సంతకం ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది, నల్లా కనెక్షన్ ఉంది. లోపల మన ఓటరు ఉన్నాడు. అప్పు చేసి కట్టుకున్న మాస్టారో, కిరాణా కొట్టాయనో అయి ఉంటాడు, గీత సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అమ్మినవాడు మాత్రం అందులో ఉండడు. అతనికి గీత బాగా తెలుసు, అందుకే మెరక మీద ఇల్లు కట్టుకున్నాడు.

అసలు తీరం ఉన్నవాళ్ల గతి చూడండి. కేరళలో కొచ్చి పక్కన మరడులో తీరం రూలు తప్పి కట్టారని సుప్రీంకోర్టు చెప్తే, 2020 జనవరిలో నాలుగు పెద్ద అపార్టుమెంట్లను మందు పెట్టి కూల్చారు. టీవీలో అందరం చూశాం. మా వెంచర్ల ఆసాములు కూడా చూసే ఉంటారు. తెలంగాణకు సముద్రం లేకపోవడం ఎంత అదృష్టమో వాళ్లకు ఆ రోజు అర్థమై ఉంటుంది. సముద్రం ఉంటే సుప్రీంకోర్టు వస్తుంది. చెరువైతే గ్రామసభే.

ఇంతకూ వరద తర్వాత ఏమైందంటారా? గోడల మీద నడుమెత్తున మట్టి చార నిలిచింది. సర్కారు జీవితమంతా వెతికినా దొరకని ఎఫ్‌టీఎల్ అది. ఇంటింటికీ, తిన్నగా, ఒకే ఎత్తున. పోయి ఫొటోలు తీసుకుంటే చాలు, పటం తయారయ్యేది. బతుకమ్మ పండుగలోపే చాలామంది సున్నం వేయించుకున్నారు. తప్పేం లేదు, ఇంట్లో ఉండాలి కదా. ఒక ఇంటాయన రంగు ఆరకముందే టు-లెట్ బోర్డు తగిలించాడు. అద్దె వెయ్యి పెంచాడేంటన్నా అని అడిగితే బోర్డు కిందికి చూపించాడు. పాత బోర్డు మీద లేని మాటొకటి కొత్తగా రాయించాడు: ‘లేక్ వ్యూ’.