పికప్పు బండి వంకర: ఒక చాటువునకు టీకా తాత్పర్యములు

అవతారిక. 1925లో ఫోర్డు కంపెనీ వారు కర్మాగారమునందే తొట్టి నమర్చి యమ్మిన మోడల్ టీ వాహనము పికప్పు జాతికి ఆదిపురుషుడని చెప్పుదురు. గడ్డిమోపులును ధాన్యపు బస్తాలును మోయుటకై పుట్టిన యీ జాతి, కాలక్రమమున అమెరికా నగరోపాంతములయందు ఒక్క మనుష్యుని కార్యాలయమునకును, శనివారమునాడు అతని పాలడబ్బాలను ఇంటికిని చేర్చుటయే ప్రధానవృత్తిగా గలదై, వీపున బరువు లేక నిలువవలసి వచ్చుటచే, తన సహజవక్రతను లోకమునకు బయటపెట్టుకొన్నది. అట్టి బండి నొకదానిని టెక్సాసు రాష్ట్రమున క్రొత్తగా కొని, ముంగిట నిలిపి, నాలుగడుగులు వెనుకకు పోయి కన్నులు చికిలించి చూచిన యొక తెలుగు గృహస్థు, దానిని కొన్నచోటికే మరల తోలుకొనిపోయి, అచ్చటి సర్వీసు పెద్దతో జరిగిన సంవాదమును ఇట్లు పొదిగినాడు.

ఆ. బండి యెడమ వైపు వంగిన దని చెప్పఁ
గొలిచి చూచి తలను కొంత యూచి
హద్దులోనె యుండె నద్దాని నిలకడ
పొమ్ము తండ్రి యనెను పూజ్యుఁ డొకఁడు

టీక. బండి = క్రొత్త పికప్పు; ఎడమ వైపు = తోలువాడు కూర్చుండు దిక్కున; వంగినది అని చెప్పన్ = ఒరిగినదని విన్నవింపగా; కొలిచి చూచి = టేపు పట్టి; తలను కొంత యూచి = అవుననియు కాదనియు తెలియరాని విధమున; అద్దాని నిలకడ = ఆ బండి నిలుచు తీరు; హద్దులోనె యుండెన్ = కంపెనీవారి పరిమితికి లోబడియే యున్నది; తండ్రి = ఓ నాయనా; పొమ్ము = ఇక దయచేయుము; అనెను = అని సెలవిచ్చెను.

‘ఎడమ వైపు’ అనుటలో కవి యొక్క లోకజ్ఞత గలదు. ముందు వెనుకల యెత్తు భేదమును అతడు ఫిర్యాదుగా నెంచలేదు. ఖాళీ పికప్పు వెనుకభాగము ముందుభాగముకన్న ఒకటి రెండంగుళములు ఎత్తుగా నుండుట దోషము గాదు. వెనుకనున్న కమాను పట్టీలు అరటన్నుకు పైబడిన భారమును తలచుకొని వంచబడినవి, ఆ భారము పడిన నాడు బండి సమతలమున నిలుచును. ఈ మర్మ మెరుగక ముందు స్ప్రింగులపై దిమ్మలు పెట్టించి ‘లెవెల్’ చేయించుకొన్నవారు, ఏ అక్కగారి ఇల్లు మారునప్పుడో సామాను వేసికొని బయలుదేరగా, వెనుక క్రుంగి, ముందు లేచి, దీపములు ఎదుటివాని కన్నులలో పొడుచుట ప్రత్యక్షముగా చూతురు. ముందు నింగికెత్తి వెనుక నేలకు దించుటయే సొగసనుకొన్న యువకులకై నార్త్ కరొలైనా రాష్ట్రమువారు 2021లో చట్టమే చేసిరి: మార్పులు చేయించి, ముందు మడ్‌గార్డు వెనుకదానికన్న 4 అంగుళములో అంతకు మించియో ఎత్తుగా నుంచిన బండి అచ్చటి రోడ్డు నెక్కరాదు.

కాని ప్రక్కవాటు వంకరకు ఇట్టి సమర్థన సగమే దొరకును. ఆ దేశమున తోలువాడు ఎడమవైపు కూర్చుండును. టయోటా వారి టకోమా వంటి బండ్లలో పెట్రోలు ట్యాంకును ఆ ప్రక్కనే వ్రేలాడుచుండును. 80 లీటర్లు నిండినచో సుమారు 60 కిలోల బరువు. ఆ బండి ఎడమకు ఒరుగుట యెంత ప్రసిద్ధమనగా, దాని యజమానులు ఆ వంకరకు ఒక ముద్దుపేరే పెట్టుకొనిరి. రెండు ప్రక్కలకు వేరువేరు స్ప్రింగులు బిగించి ఈ భేదమును ముందే సర్ది పంపువారును గలరు. సర్దక పంపువారును గలరు. రెండవవారి బండ్లకై ఎడమ ముందు స్ప్రింగుపై పావు అంగుళము మందము గల స్పేసరు వేయుదురు. స్ప్రింగు పాదము క్రింది చేతికి నడుమ నిలుచుటచే ఆ పావు చక్రముకడ ఇంచుమించు అర అంగుళమగును. ఇది తెలియనివారు అర అంగుళపు దిమ్మను వేయించి, బండిని కుడికి వంచుకొని వచ్చుటయు కలదు.

‘బండి కుడికిఁ గొంత వంగిన దని చెప్ప’ అని పాఠాంతరము. తోలువాడు కుడివైపు కూర్చుండు మన దేశమునకు ఇది యుచితమని కొందరి మతము. ఛందస్సు కుదిరినను ఈ పాఠము గ్రాహ్యము గాదు. ఏలయన, మదనపల్లె మార్కెట్టునకు టమాటా పెట్టెలతో వచ్చు మన పికప్పుకు ఎడమ, కుడి అను భేదము తోచునంత ఖాళీ యుండదు.

‘కొలిచి చూచి’. ఎక్కడినుండి ఎక్కడికి? ఇచ్చట వ్యాఖ్యాతలందరును మౌనము వహించిరి. నిజమునకు పద్యమంతయు ఈ రెండు మాటలమీద నిలిచియున్నది. నేలనుండి కొలిచినచో టైర్లలోని గాలియు నేల వాలును లెక్కలో చేరును. అందుచే తెలిసినవారు చక్రనాభినుండి మడ్‌గార్డు అంచువరకు కొలుతురు. అయినను సందేహము తీరదు. పికప్పు దేహము ఛాసిస్సుమీద రబ్బరు దిమ్మలపై కూర్చుండును, మడ్‌గార్డులు కొంత జరుగుటకు వీలుగల రంధ్రములలో బోల్టులతో బిగింపబడును. కావున ఒక ప్రక్క అర అంగుళము తగ్గినదన్నచో, కాలు పొట్టిదా, పంచె వంకరగా కట్టినదా అను ప్రశ్న మిగులును. ఛాసిస్సు నుండి నేలకు గూడ సమతలమున కొలిచినవాడే దానిని విడదీయగలడు. మరియొక చిక్కు: చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా క్రింది చేతుల బోల్టులు బిగించినచో, లోని రబ్బరు బుష్షులు ఆ భంగిమకే అంటుకొని, బండి దిగిన తరువాత మెలికపడి దానిని పైకి పట్టియుంచును. బండి బరువు చక్రములపై నిలిపి, బోల్టులు సడలించి తిరిగి బిగించుటయే దానికి మందు, ఖర్చు స్వల్పము. పూజ్యుడు ఆ పని చేసినట్లు పద్యములో లేదు.

క్యాబినుకును తొట్టికిని నడుమ సందు పైన వెడల్పుగాను క్రింద ఇరుకుగాను నున్నదని మొరపెట్టుకొనువారి పక్షమున నేను నిలువను. ఛాసిస్సు మెలిదిరుగునప్పుడు రెండును ఒరసికొనకుండుటకే ఆ యెడము. ఎడమసందు కుడిసందుతో పోలకున్న మాత్రము అడుగవలసినదే.

‘హద్దులోనె’. ఏ హద్దు? అంకె చెప్పబడలేదు, చెప్పబడని హద్దును దాటిన బండి లోకమున లేదు. ఎలాన్ మస్కు గారు 2023లో తన సైబర్‌ట్రక్కు భాగములు 10 మైక్రాన్ల లోపు తేడాతో, అనగా మిల్లీమీటరులో నూరవవంతుతో, తయారు కావలెనని సిబ్బందికి వ్రాసిరి. నిటారు అంచుల స్టీలు రేకులపై చిన్న తేడాయు కొట్టవచ్చినట్లు కనిపించునని ఆయన చెప్పిన హేతువు. 2025 మార్చిలో అదే బండ్లు 46,000 పైచిలుకు వెనుకకు పిలువబడినవి: అద్దము ప్రక్కనున్న రేకుపట్టీ జిగురు వదలి ఊడిపోవునేమోయని. హద్దును అంత సూక్ష్మముగా చెప్పినవాని గతి అట్లుండగా, పూజ్యుడు దానిని చెప్పకుండుట అవివేకమని ఎట్లనగలము? అయినను వర్క్‌షాపు గ్రంథమున ఎత్తుల పట్టిక ముద్రితమై యుండును. ఆ పుటను చూపుమని అడిగి, కొలతలు కాగితముపై వ్రాయించుకొనవలసినది. కవి అడిగినట్లు తోచదు.

‘పూజ్యుఁ డొకఁడు’. ‘ఒకఁడు’ అనుటచే రెండవవాడు గలడని ధ్వని. అతడు ఊరిచివర అలైన్‌మెంటు కొట్టు పెట్టుకొన్న ముసలివాడని మా ఊహ. అతడు బండి వంక చూడక, టేపు తీయక, కవి ఫిర్యాదు ముగియకముందే ‘ట్యాంకులో ఎంత యున్నది?’ అని అడుగును.