వేడి జబ్బుకు చల్లటి పరీక్ష

బెంగళూరులోని కుందలహళ్ళి, బ్రూక్‌ఫీల్డ్, ఏఈసీఎస్ లేఅవుట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో అనేక తెగలున్నప్పటికీ, వాటిలో పరిశీలనకు మిక్కిలి యోగ్యమైనది పాత మారుతి ఓమ్నీని కొని, వెనుక సీట్లు తీయించి, ప్లైవుడ్ పెట్టెమీద ఫోమ్ పరుపు పరిచి, దానిని క్యాంపర్ వ్యాన్‌గా ప్రకటించుకున్న గృహస్థుల తెగ. క్యాంపర్ వ్యాన్ అనగా పడకనూ పొయ్యినీ తనలోనే మోసుకుతిరిగే బండి. తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది కాబట్టి, ఈ గృహస్థు పరుపునూ పొయ్యినీ క్షణంలో దించేయగలిగేలా అమర్చుకుంటాడు. అయితే బండి రోడ్డుమీద కంటే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే ఎక్కువగా ఉంటుంది గనుక, ఆ జాగ్రత్త అంతగా అక్కరకు రాదు.

1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, తరువాత ఓమ్నీగా పేరు మార్చుకొని, 2019లో తయారీ నిలిచిపోయిన ఈ వాహనంలో 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. అందువల్ల దాని వేడి నడిపేవానికి స్వానుభవమే. పాత బండ్లలో పెట్రోలును గాలితో కలిపే పని కార్బురేటరుది, ట్యాంకు నుంచి ఆ పెట్రోలును లాగి అందించే పని ఇంజనుకే బిగించిన చిన్న పంపుది. గాలి, పెట్రోలు, స్పార్క్, సిలిండరులోని ఒత్తిడి, ఈ నాలుగూ వేళకు సమకూరితేనే ఇంజను స్టార్టవుతుంది గనుక, ఏది లోపించిందో తేల్చడమే రోగనిర్ణయం.

ఈ తెగవారి బండ్లకు సాధారణంగా వచ్చే జబ్బు ఒకటుంది. కుందలహళ్ళిలో తెల్లవారుజామున బుద్ధిగా స్టార్టయి తిరుపతి చేరిన బండి, తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరులో టీకని ఆపిన పది నిమిషాలకే మొండికేస్తుంది. ఇంజను ఆపగానే నీటి ప్రసరణ ఆగిపోవడంతో లోపలి వేడి పంపుకూ కార్బురేటరుకూ పాకి పెట్రోలును ఆవిరి చేయవచ్చు; ద్రవాన్ని లాగవలసిన పంపు ఆవిరిని లాగలేక చతికిలబడే ఈ స్థితినే వేపర్ లాక్ అంటారు. లేదా ఇగ్నిషన్ కాయిల్, అంటే బ్యాటరీ కరెంటును స్పార్కుకు చాలినంత వోల్టేజీకి పెంచే చుట్ట, వేడికి నీరసించవచ్చు. రెండింటిలో ఏదైనా సరే, అరగంట చల్లారితే జబ్బు తనంతట తానే మాయమవుతుంది.

గృహస్థు పాండిత్యమంతా ఆ తరువాతి ఆదివారం బయటపడుతుంది. రాత్రంతా చల్లబడిన ఇంజనుపై సీటు ఎత్తి, మల్టీమీటరు పట్టి, అతడు చేసే ప్రతి పరీక్షలోనూ బండి ఫస్టు క్లాసులో పాసవుతుంది. ఆఫీసులో ఒక లోపాన్ని మళ్ళీ పుట్టించి చూడకుండానే సరిచేశానన్న జూనియరును గంటసేపు మందలించగల ఈ పెద్దమనిషికి, వేడిలో పుట్టిన లోపాన్ని చలిలో వెతుకుతున్నానన్న అనుమానం ఏ కోశానా రాదు. పరీక్షలో ఏదీ దొరకనందున అన్నింటినీ అనుమానించి, జేసీ రోడ్డుకు వెళ్ళి ప్లగ్గులు, కండెన్సరు, రోటరు, పెట్రోలు ఫిల్టరు, కాయిల్ కొనితెచ్చి, ఒకే పూట అన్నీ మార్చి, వస్తువు, ధర, ఫలితం అనే మూడు గడుల స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేస్తాడు. మరుసటి యాత్రలో, సాయంత్రపు చల్లదనం వల్లనో చినుకుల వల్లనో, బండి పలమనేరులో మారాం చేయకుండా స్టార్టయితే, ఆ ఘనత అన్నిటికంటే ఎక్కువ ధర పెట్టిన కాయిల్‌కే దక్కుతుంది. అది మొదలు అసోసియేషన్ మీటింగులో ఎవరి బండి ఆగిందన్నా, అది డీజిలుదైనా సరే, కాయిల్ మార్చమని సలహా ఇస్తాడు. డీజిలు ఇంజనులో ఇంధనం స్పార్కుతో కాక ఒత్తిడి వల్ల పుట్టే వేడితో మండుతుంది కాబట్టి ఆ ఇంజనుకు కాయిలే ఉండదన్న సంగతి అతనికి తెలియనిది కాదు, సలహా వేగంలో గుర్తుకు రాదు.

ఎండాకాలం యాత్రలో మళ్ళీ బండి ఆగినప్పుడు, "ఏమండీ, బస్సుకు వెళ్ళిపోదామా?" అని ఇల్లాలు మెల్లగా అడిగినదానికి అతడు జవాబు వెతుక్కునేలోగా, టీ అంగడి పక్కనున్న మెకానిక్ వచ్చి, ఒక ప్లగ్గు వైరు లాగి స్పార్కు చూసి, "కరెంటు బాగానే వస్తా ఉంది సార్, పెట్రోలే రాలేదు" అని, తన తుండుగుడ్డను నీళ్ళలో ముంచి పంపు మీద కప్పుతాడు. జబ్బు ఉన్నచోటనే, ఉన్నప్పుడే, ఒక్కొక్కదాన్నే విడదీసి చూసిన ఆ మెకానిక్ పద్ధతి, గృహస్థు ఆఫీసులో కొత్తవారికి బోధించే పద్ధతే. బండి స్టార్టవుతుంది. ఇంటికొచ్చాక స్ప్రెడ్‌షీట్ తెరిచిన గృహస్థు, తడిగుడ్డకు ధరగడిలో ఏం రాయాలో తోచక, చివరికి ఆ వరుసనే తొలగించి, కొత్త పెట్రోలు పంపుకు ఆర్డరు పెడతాడు.