స్కౌటు చొక్కాకు టీకా తాత్పర్యాలు

అవతారిక

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పాఠకులకు లిపి ఒకటై భాష ఇంకొకటైనా కంగారు పుట్టదు. కైవారం తాతయ్య తెలుగు తత్వాలను కన్నడ అక్షరాల్లో చదువుకుని, అర్థం తెలుగులో చెప్పుకుని, దాని మీద కన్నడంలో వాదించుకోగల వాళ్ళం. అటువంటి మనం ఆగస్టు 15న పిల్లలు కవాతు చేస్తూ ముందునుంచి పోతుంటే, ఆ బూడిదరంగు చొక్కాల మీద రాసున్నది ఒక్క ముక్కా చదవలేక, "మెడల్సు బాగుండాయప్పా" అని ఊరుకుంటున్నాం. అవి మెడల్సు కావు. ఒక్కొక్కటి ఒక్కో వాక్యం.

నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మెట్ల పేర్లు హిందీ నోట పడిన సంస్కృతం. స్కౌటు మేష్ట్రు కేకలు కన్నడం. బ్యాడ్జీ ఊడిపోయిందని అమ్మ తిట్టేది తెలుగులో. ఇంతటి బహుభాషా గ్రంథాన్ని వ్యాఖ్య లేకుండా ఉతికి ఆరేయడం న్యాయం కాదు గనుక ఈ ప్రయత్నం.

మూలం

మెడను రంగు గుడ్డ మెఱయగా నెడమన
జేబు పైన పచ్చ చిన్నె నిలువ
కుడిని తాటి ముడిని గూడి పూవొక్కటి
చేతి మీద మెట్లు చేరె చూడు

(ఆటవెలది. ప్రాచీన తాళపత్రం ఏదీ దొరకనందున వ్యాఖ్యాతే కట్టుకున్నాడు.)

టీక

మెడను = కంఠమందు; రంగు గుడ్డ = స్కార్ఫు. ఇది ముక్కోణపు గుడ్డ. రెండు అంచులు పిల్లవాడి ఎత్తును బట్టి 70 నుంచి 80 సెంటీమీటర్లు. "రంగు" అన్నాడు కదా అని ఏ రంగైనా చెల్లదు. ఆకుపచ్చ, ఊదా, పసుపు విడిచి, స్కౌటు దళానికి జిల్లా వాళ్ళు ఒప్పుకున్న రంగే కట్టాలి. మెరవడం దీని గౌణధర్మం. చెయ్యి విరిగినవాడికి జోలెగా, నెత్తురు కారుతున్న చోట కట్టుగా పనికిరావడం ముఖ్యధర్మం. ముక్కోణం ఎందుకయ్యా అని అడిగే శిష్యుడికి ఇదే సమాధానం.

ఎడమన జేబు పైన = గుండె ఉన్న వైపు జేబు నడిమధ్యన; పచ్చ చిన్నె = సభ్యత్వ చిహ్నం. ముదురాకుపచ్చ నేల మీద పసుపు పువ్వు, ఆ పువ్వులో మూడు రేకుల ఆకు. "పువ్వులో ఆకేమిటి, ఆకుల్లో కదా పువ్వుండేది" అని శంక. ఇది వృక్షశాస్త్రం కాదు, చరిత్ర. పువ్వు స్కౌట్లది, మూడు రేకుల ఆకు గైడ్లది. మగపిల్లల సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఆడపిల్లల గైడ్ సంఘం 1951 ఆగస్టు 15న వచ్చి చేరింది. ఆ కలయికే చిన్నెలో కనబడుతుంది. రాజీలు, తీర్మానాలు, ఢిల్లీ సమావేశాలు అన్నీ కలిసి రెండంగుళాల గుడ్డలో ఒదిగాయి. సంగ్రహమంటే ఇదీ.

కుడిని = కుడి జేబు నడుమ; తాటి ముడిని గూడి పూవొక్కటి = ప్రపంచ స్కౌటు చిహ్నం. ఊదా నేల, తెల్లని పువ్వు, చుట్టూ తాడు, కింద రీఫ్ ముడి. ఈ ముడి లాగేకొద్దీ బిగుస్తుంది. ప్రథమ చికిత్సలో కట్టు కట్టి వేసేదీ ఈ ముడే. ప్రపంచమంతా ఒకే కుటుంబమని తాడుకు అర్థం చెబుతారు.

చేతి మీద = ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ నడుమ; మెట్లు = సోపానాలు. వీటిని గురించి కింద విస్తరించి చెప్పబడును. చూడు = చూడుము. వ్యాఖ్యాత నొక్కి చెప్పేది ఈ పదాన్నే.

తాత్పర్యం

చొక్కా తొడుక్కున్నవాడు ఎవడో, ఏ దళం వాడో, ఎక్కడి దాకా వచ్చాడో అతణ్ణి అడగకుండానే తెలుసుకోవచ్చు.

విశేషాలు

ఆ పువ్వు గురించి పూర్వపక్షం బలంగా ఉంది. "ఇది పరాయి రాజుల పువ్వు కదా, మన చింతామణి పిల్లవాడి జేబు మీద దానికేం పని?" సమాధానం: ఈ పువ్వు దిక్సూచిలో ఉత్తరాన్ని చూపే గుర్తు. దారి తప్పకుండా చూడవలసినవాడికి దిక్కు తెలియాలి. స్కౌటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ అంతకుముందు మీరట్‌లో అశ్వికదళాధిపతి. 1897 నుంచి 1899 దాకా అక్కడి సైనిక వేగులకు శిక్షణ ఇస్తూ, నెగ్గినవాళ్ళకు ఈ పువ్వునే గుర్తుగా ఇచ్చాడు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో పిల్లలతో శిబిరం పెట్టేనాటికే ఈ పువ్వు మన ఎండ చూసి వచ్చింది. రేకులు మూడు కావడం ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు గుర్తు: దేవుడికీ దేశానికీ కర్తవ్యం, తోటివారికి సాయం, స్కౌటు నియమ పాలన. దేవుడి మాట నచ్చనివాడు "ధర్మం" అని చెప్పుకోవచ్చునని మన నియమాల్లోనే వెసులుబాటుంది.

ఇక సంఖ్యావిరోధం. ప్రపంచ చిహ్నంలోని రెండు నక్షత్రాలకు మొత్తం పది మొనలు. అవి పది స్కౌటు నియమాలని పెద్దలు చెప్పారు. మన దేశంలో నియమాలు తొమ్మిదే. దీన్ని సమన్వయించాలని వ్యాఖ్యాత చాలా తంటాలు పడ్డాడు. జంతువులకు మిత్రుడు, ప్రకృతి ప్రేమికుడు అని ఒకే నియమంలో రెండున్నాయి గదా, విడదీద్దామనుకుంటే, క్రమశిక్షణ, ప్రజల ఆస్తి రక్షణ అని ఇంకో నియమంలోనూ రెండు బయటపడ్డాయి. మొత్తం పదకొండయ్యాయి. కనుక విరోధాన్ని విరోధంగానే వదిలేయడమైనది.

సోపానాలు: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి పురస్కారం. పై మెట్టు బ్యాడ్జీ వస్తే కింది మెట్టుది తీసేస్తారు. అంటే ఎడమ చేతి మీద ఒక్కటే ఉంటే వాడు వెనుకబడ్డాడని కాదు. ఆ ఒక్కటి ఏదన్నది చూడాలి. ఇది తెలియక "మీ వాడికి ఒకటే, మా వాడికి ఎనిమిది" అని మురిసే తల్లిదండ్రులున్నారు. ఆ ఎనిమిదీ కుడిచేతి మీదివి. వంట, సైకిలు, తోటపని, ప్రథమ చికిత్స వంటి విద్యల బ్యాడ్జీలు. అవీ గొప్పవే గానీ లెక్క వేరు. రాజ్య పురస్కార్ గవర్నరు పేర వచ్చేది. రాష్ట్రపతి పురస్కారం ఉంటే రైల్వేలో స్కౌటు కోటా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ వాక్యం మాత్రం మన ఊళ్ళలో టీక లేకుండానే అందరికీ అర్థమవుతుంది.

చిన్న పిల్లలైన కబ్బులకు సోపానాలు కావు, చరణాలు. నాలుగు చరణాలు. పద్యానికి సరిపోయిన లెక్క. ఛందస్సు తెలిసినవాడెవడో పెట్టి ఉంటాడని మా అనుమానం.

మేష్ట్రు మెడలో తోలు తాడుకు రెండు చెక్కపూసలు కనబడితే అది జపమాల కాదు, హిమాలయ వుడ్ బ్యాడ్జ్. 1919లో ఇంగ్లండులోని గిల్వెల్‌లో తొలి శిక్షణ ముగించినవాళ్ళకు బేడెన్ పవెల్ ఒక జూలూ రాజు హారం నుంచి పూసలు విప్పి ఇచ్చాడు. ఆనాటి నుంచి ఆచారం. మన రాష్ట్రంలో ఇటువంటి శిక్షణకు దొడ్డబళ్ళాపురంలో అనీబిసెంట్ పేర ఉద్యానముంది. 1909లో బెంగళూరులో మొదటి దళం పుట్టినప్పుడు అది దొరల పిల్లలకే. మన పిల్లలకూ కావాలని ఆ తర్వాత మద్రాసులో వేరే సంఘం పెట్టింది ఆమే.

పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు

తాళపత్రాలకు లేఖక దోషాలున్నట్టు చొక్కాలకు దర్జీ దోషాలున్నాయి. ఊదా బ్యాడ్జీ ఎడమకు, పచ్చది కుడికి మారడం ఒక పాఠం. పువ్వు తలకిందులు కావడం మరొకటి, దిక్సూచి లెక్కన ఇది ఉత్తరాన్ని దక్షిణం చేస్తుంది. దళం పేరున్న పట్టీ భుజం కుట్టు దగ్గర ఉండవలసింది జేబు మీదకు దిగడం మూడోది. ఇవి క్షంతవ్యాలు, బ్లేడుతో విప్పి మళ్ళీ కుట్టవచ్చు.

ప్రక్షిప్తం అలా కాదు. పరీక్ష కాని విద్యకు బ్యాడ్జీ, ఎక్కని మెట్టుకు గుర్తు, ఎవరో తెచ్చిచ్చారు బాగుందని కుట్టించింది, అన్నయ్యది మిగిలిపోతే తమ్ముడికి తగిలించింది, ఇవన్నీ ప్రక్షిప్తాలే. పద్యంలో ఎవరో దూర్చిన చరణాన్ని పండితుడు పట్టేస్తాడు. చొక్కా మీది దాన్ని శిబిరంలో పరీక్షాధికారి పట్టేస్తాడు. ఆ వేళ తల దించుకునేది పిల్లవాడు, కుట్టించిన పెద్దలు అక్కడ ఉండరు.

కాబట్టి ఈ వ్యాఖ్య చదివిన తల్లిదండ్రులకు మనవి. దర్జీ దగ్గరికి పోయే ముందు చొక్కాను మేష్ట్రుకు ఒకసారి చూపించండి. ఇంట్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని ఒక్కొక్క బ్యాడ్జీ మీద వేలు పెట్టి "దీనికేం చేసినావప్పా?" అని అడగండి. వాడు జవాబు చెప్పగలిగినవి కుట్టించండి, చెప్పలేనివి విప్పించండి.