ఒక ఫైలు పేరుకు టీకా తాత్పర్యము

మూలము: కొత్తపాట_ఒరిజినల్_320కెబిపిఎస్.ఎంపీ3

అవతారిక: వీధి చివరి సెల్ షాపులో మెమరీ కార్డు నిండ పాటలెక్కించి తెచ్చుకొనగా, అందలి తొలి ఫైలు పేరిది. పాట వినుటకు ముందే పేరుకు అర్థము వెదకుట పండితుల జబ్బు.

ప్రతిపదార్థము: కొత్తపాట = మా పెండ్లినాటిది; ఒరిజినల్ = కాపీకి కాపీ యైనట్టిది; 320కెబిపిఎస్ = సెకనుకు 3,20,000 బిట్లు ఖర్చుపెట్టునది; ఎంపీ3 = మూడుమార్లు నెగ్గిన పార్లమెంటు సభ్యుడని మా బావమరిది వ్యాఖ్య. అసంగతము. ఎంపెగ్-1 ప్రమాణమందలి ఆడియో మూడవ పొర యని సంప్రదాయార్థము. ఈ తోకపేరును 1995 జూలైలో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ వారు ఖాయపరచిరి.

తాత్పర్యము: సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి, కొలతకు 16 బిట్ల చొప్పున, కుడియెడమలు రెంటికిని లెక్కగట్టగా సెకనుకు 14,11,200 బిట్లగును. ఐదు నిమిషాల పాట సుమారు 53 ఎంబీ. దానినే 128 కెబిపిఎస్ ఎంపీ3గా కుదించిన 5 ఎంబీకి లోపే. తక్కినదేమాయె ననగా: డప్పు మ్రోగుచుండగా పక్కవాని గొణుగుడు వినబడదు కదా. అట్లే పెద్ద శబ్దము చాటున చెవికానని వానిని పోల్చి, వానికి బిట్లు విదిలించీ విదల్చక సరిపెట్టుదురు. ఈ మోసము శాస్త్రసమ్మతము. వాద్యములు లేక సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' మాత్రము ఎంపీ3 కర్తలలో నొకడగు బ్రాండెన్‌బర్గ్‌ను ముప్పుతిప్పలు పెట్టెను. ఒంటరి గొంతుకకు చాటేదీ?

శంక: 320 యైనచో, సింబల్ మ్రోగినచోట తడిచీర జాడించిన చప్పుడేల?

సమాధానము: ఇది పూర్వాశ్రమమున 128. ఎవరో పుణ్యాత్ముడు 320గా మార్చెను. ఫైలు లావెక్కెను గాని పోయిన ధ్వని తిరిగిరాలేదు. స్పెక్ట్రమ్ చూపు సాఫ్ట్‌వేరులో తెరచితిని: 16 కిలోహెర్ట్జ్ కడ కొడవలితో కోసినట్లు గీత, ఆపైన కటికనలుపు. సిసలైన 320లో ధ్వని చూపు రంగు 20 కిలోహెర్ట్జ్ దరిదాపులకు ప్రాకును.

పాఠాంతరము: '.ఫ్లాక్' అని కొన్ని ప్రతులు. అందొక్క బిట్టును పోదు. పరిమాణము సీడీలో సగమునకు అటునిటు. అయితే 128ని ఫ్లాక్‌లో పోసి పెట్టు లిపికారులును కలరు, జాగ్రత్త.

అలంకారము: ఒరిజినల్ అనుటచే అతిశయోక్తి, 128ని దాచి 320 అనుటచే అపహ్నుతి.

మరియొక శంక మా అబ్బాయి అడిగెను గాని, వంటింట మిక్సీ తిరుగుచుండుటచే వినబడలేదు.