మూషిక మీమాంసకుడు

ప్రతి ఆఫీసులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. వయసు నలభైకి అటూ ఇటూ. ఉద్యోగం సాఫ్ట్‌వేరు. కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో సొంత ఫ్లాటు, దాని మీద ఇంకా పదిహేనేళ్ల ఈఎంఐ. ఆ ఫ్లాటు కొనడానికి అతనికి పట్టింది రెండు ఆదివారాలు. మోడల్ ఫ్లాట్‌లో సోఫా బాగుంది, బిల్డరు కాఫీ ఇచ్చాడు, సంతకం పెట్టేశాడు. గేమింగ్ మౌసు దగ్గర మాత్రం అలాంటి తొందరపాటు పనికిరాదంటాడు. పదివేలు దాటిన వస్తువు, ఆషామాషీగా కొనేస్తారా? కిందటి దసరా నుంచి ఆలోచిస్తున్నాడు.

ఇతణ్ణి మూషిక మీమాంసకుడు అందాం. గుర్తుపట్టడం తేలిక. ఏదో పనిమీద మీ టేబుల్ దగ్గరికొస్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మీ మౌసుని చేతిలోకి తీసుకుని, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "తొంభై గ్రాములుంటుంది" అంటాడు. తర్వాత వెల్లకిలా తిప్పి దాని పాదాలు తడుముతాడు. మౌసుకి పాదాలుంటాయని మీకు ఆ రోజే తెలుస్తుంది. చివరికి పెదవి విరిచి యథాస్థానంలో పెట్టి వెళ్లిపోతాడు. వచ్చిన పనేమిటో ఇద్దరికీ గుర్తుండదు.

పాండిత్యానికి వంక పెట్టలేం. లంచ్ దగ్గర కదిపారంటే 1964 నుంచి ఎత్తుకుంటాడు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించాడనీ, బిల్ ఇంగ్లిష్ అనే ఇంజినీరు దాన్ని చెక్కతో తయారుచేశాడనీ, పైన ఒకే ఒక్క మీట ఉండేదనీ, 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో జనానికి చూపించారనీ చెబుతాడు. పేటెంటు వచ్చినా ఎంగెల్‌బార్ట్‌కి రాయల్టీగా దమ్మిడీ రాలేదట. కనిపెట్టినాయనకి డబ్బు రాలేదు, కొనాలనుకున్న ఇతనికి నిద్ర రావడం లేదు.

ఈ రోగానికి మూలం ఇంజినీరింగ్ రోజుల్లో ఉంది. అప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులిచ్చి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాడు. మౌసు అడుగున రబ్బరు బంతి ఉండేది. మధ్యలో మొరాయిస్తే బంతి తీసి, లోపలి కడ్డీలకు చుట్టుకున్న మట్టిని గోటితో గీకి, ఊదుకుని మళ్లీ ఆడేవాడు. ఆ మౌసుతోనే డస్ట్ టూ మ్యాపులో సీనియర్లను వరసపెట్టి కాల్చాడు. అంతటి వీరుడు ఇప్పుడు ఆదివారం రాత్రి పిల్లాడు పడుకున్నాక, హెడ్‌సెట్ పెట్టుకుని నలభై నిమిషాలు వాలరెంట్ ఆడతాడు. ఇంటర్ కుర్రాళ్లు అతణ్ణి మలుపు మలుపుకీ కాల్చి పారేస్తారు. నేలకొరిగిన ప్రతిసారీ మౌసు వంక చూసి, "సెన్సర్ లాభం లేదు" అంటాడు.

సెన్సర్‌దేమో పాపం ఏ తప్పూ లేదు. రెండు వేల లోపు దొరికే పేరున్న కంపెనీ మౌసులో కూడా మనిషి చేతికి పట్టుబడే లోపం ఉండదు. ఈ సంగతి అతనికి మీకన్నా బాగా తెలుసు. ఖరీదైన మౌసుల డబ్బా మీద 32,000 డీపీఐ అని రాస్తారు. అంటే అంగుళం కదిలిస్తే 32,000 చుక్కల దూరం. మామూలు తెర వెడల్పు 1,920 చుక్కలు కనక, ఒకటిన్నర మిల్లీమీటరు కదిపితే చాలు, కర్సరు తెర ఈ కొసనుంచి ఆ కొసకి పోయి కూర్చుంటుంది. తుమ్మితే ఆట ఖతం. ఆట మీద బతికే పెద్ద పెద్ద ఆటగాళ్లు చాలామంది 400 దగ్గరో, 800 దగ్గరో, మహా అయితే 1,600 దగ్గరో పెట్టుకుంటారు. మన మీమాంసకుడూ 800 దగ్గరే పెట్టుకున్నాడు. అయినా 32,000 ఉండాలంటాడు. ఉండి వాడకపోవడం వేరు, లేక వాడకపోవడం వేరట.

తర్వాత హెర్ట్జ్ కాండ. మౌసు తన ఆచూకీ కంప్యూటరుకి సెకనుకి ఎన్నిసార్లు చెబుతుందనేది ఆ లెక్క. ఆఫీసు మౌసు 125 సార్లు చెబుతుంది, గేమింగ్ మౌసు 1,000 సార్లు, అందులో ఘనమైనది 8,000 సార్లు. వెయ్యినుంచి ఎనిమిది వేలకి పోతే మిగిలేది మహా అయితే 0.875 మిల్లీసెకను. కళ్ల ముందు ఏదైనా కనబడితే మనిషి వేలు కదలడానికే 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ముక్కాలు చిల్లర మిల్లీసెకను గురించి ఇతను ఒక గంట చదివాడనుకోండి, ఆ గంట తిరిగి రాబట్టుకోవాలంటే కనీసం 41 లక్షల సార్లు నొక్కాలి. గంటతో ఆగితే ఫరవాలేదు. దసరా నుంచి చదువుతున్నాడు.

అన్నిటికన్నా రసవత్తరమైన ఘట్టం బరువుది. 2014లో లాజిటెక్ వాళ్ల జీ502 వచ్చినప్పుడు దాని బరువు 121 గ్రాములు. అది చాలదన్నట్టు ఒక్కోటీ 3.6 గ్రాముల బరువు బిళ్లలు అయిదు డబ్బాలో పెట్టి ఇచ్చారు. కావాలంటే తగిలించుకోమని! జనం మురిసిపోయి తగిలించుకున్నారు. 2020 చివర్లో అదే కంపెనీ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ అని 63 గ్రాముల లోపు మౌసు దించింది. 2023లో దాని తమ్ముడు 60 గ్రాములకు దిగాడు. 2024లో రేజర్ వాళ్ల వైపర్ వీ3 ప్రో 54కి దిగింది. తెనాలి నుంచి మనవణ్ణి చూడ్డానికి వచ్చిన తండ్రి ఈ చరిత్రంతా ఓపిగ్గా విన్నాడు.

"తీగ తీసేశాడా?"

"తీసేశాడు నాన్నా."

"రంగుల దీపాలూ తీసేశాడా?"

"అవీ లేవు. బరువు తగ్గాలిగా!"

"తూకం సగం చేసి ధర మూడింతలు చేశాడన్నమాట. మన రేషన్ డీలరు వీడి దగ్గర శిష్యరికం చెయ్యాలిరా."

భార్యకి మాత్రం మౌసు పాదాల గురించి చెప్పి ఉండాల్సింది కాదు. "ఖరీదైన వాటికి అడుగున అసలు సిసలు పీటీఎఫ్ఈ పాదాలుంటాయి, అంటే టెఫ్లాన్, జర్రున జారిపోతుంది" అని గొప్పగా చెప్పాడు. ఆవిడ అట్లకాడ చేత్తో పట్టుకునే వంటింట్లోంచి ఇవతలికొచ్చింది.

"టెఫ్లానంటే మన దోసెల పెనం మీద ఉండేదేనా?"

"అదే."

"ఆ పెనం గీరుకుపోయి ఏడాదైంది. దోసె లేవక నేను చస్తుంటే, ఎలక్కి టెఫ్లానా అండీ?"

మర్నాడు కొత్త పెనం వచ్చింది. మౌసు ఇంకో నెల వెనక్కి పోయింది.

ధర సంగతీ అంతే. దసరా సేల్‌లో వెయ్యి తగ్గింది. దీపావళికి ఇంకో అయిదొందలు తగ్గకపోతుందా అని ఆగాడు. దీపావళికి పెరిగింది. పెరిగాక కొంటే నామోషీ కనక సంక్రాంతి దాకా ఆగాడు. సంక్రాంతికి తగ్గింది గానీ, ఈలోగా కొత్త మోడల్ వస్తోందని పుకారు పుట్టింది. కొత్తది వస్తే పాతది తగ్గుతుంది, పాతది తగ్గితే కొత్తది కొనాలనిపిస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం గురించి విన్నాం. ఇతను కొండంతా తవ్వేశాడు, ఎలుక మాత్రం కార్టులోనే ఉంది.

ఓ శనివారం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోయాడు. అరచెయ్యి కొలత టైలరు టేపుతో ఇంట్లోనే తీసుకుని, కాగితం మీద రాసుకుని మరీ పోయాడు. చేతి పట్టులో మూడు శాఖలున్నాయి. అరచెయ్యి మొత్తం ఆనించేవాళ్లు, పంజాలా వంచేవాళ్లు, వేలికొసలతో మాత్రమే పట్టేవాళ్లు. తను ఏ శాఖకు చెందినవాడో తేల్చుకోవడానికి దుకాణంలో ఉన్న మౌసులన్నీ పట్టి చూశాడు. పట్టి చూడ్డానికి పెట్టినవేమో చవకవి, కావలసిందేమో సీలు వేసిన డబ్బాలో ఉంది.

"సీలు తీసి చూపిస్తారా?"

"తీస్తే తీసుకోవాలి సార్."

ఆ వాక్యంలోని ధర్మసూక్ష్మం ఆలోచించుకుంటూ ఇరానీ చాయ్ తాగి ఇంటికొచ్చేశాడు.

ఇంతవరకూ చదివి ఇతణ్ణి పనికిమాలినవాడని అనుకుంటే పొరపాటు. ఆఫీసులో ఎవరు మౌసు కొన్నా ఇతని మాట మీదే కొంటారు, కొన్నవాళ్లెవరూ తిట్టుకోలేదు. మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, గేమింగ్ మౌసు కొనాలి" అంటే మూడే ప్రశ్నలు వేస్తాడు. ఏం ఆడతావు, రోజుకెంతసేపు ఆడతావు, నీ చెయ్యెంత? వాడు క్రికెట్ గేమని చెప్పగానే, "రెండు వేల లోపుది చాల్రా, మిగతా డబ్బులు హెడ్‌సెట్‌కి పెట్టుకో" అని ఫోన్ పెట్టేస్తాడు. టెస్టింగ్ టీములో ఒకమ్మాయి రోజూ మూడు నాలుగు గంటలు షూటింగ్ గేమ్సు ఆడుతుంది. పెద్ద మౌస్‌ప్యాడ్ మీద చెయ్యి మొత్తం తిప్పి, ఎత్తి, మళ్లీ పెట్టి ఆడే రకం. మణికట్టు లాగుతోందని అడిగితే, "మీకైతే అరవై గ్రాములది దండగ కాదండీ. కానీ ఆకారం చేతికి కుదరాలి. కుదరకపోతే యాభై గ్రాములైనా బరువే" అన్నాడు. ఆవిడ కొనుక్కుంది, సుఖంగా ఉంది. ఇతని బల్ల మీద మాత్రం కంపెనీ వాళ్లిచ్చిన పాత మౌసే ఉంది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. దాంతో ఒకే మెయిల్ రెండు సార్లు తెరుచుకుని, లీవు లెటర్ రెండు సార్లు వెళ్తోంది.

మరి తన మూడు ప్రశ్నలూ తనే ఎందుకు వేసుకోడు? వేసుకుంటే జవాబు క్షణంలో వస్తుంది. ఆదివారం నలభై నిమిషాలు ఆడేవాడికి రెండు వేల లోపుది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆ జవాబు ఒప్పుకున్న మరుక్షణం అతను మౌసు కోసం చూస్తున్న ఆటగాడు కాడు, నిద్రొస్తున్న ఇంటాయన. ప్రశ్న తేలనంత కాలమూ అతను కౌంటర్ స్ట్రైక్ వీరుడే, సరైన ఆయుధం చేతికి రాలేదంతే. ఆ సుఖం ముందు పదివేలు ఒక లెక్కా? ఖర్చు పెట్టకుండానే వస్తోంది కదా!

కాబట్టి మీకొక మాట. రోజూ గంటలు గంటలు పోటీ ఆటలు ఆడేవాళ్లూ, చెయ్యి నొప్పెడుతున్నవాళ్లూ చేతికి కుదిరిన తేలికపాటి మౌసు కొనుక్కోండి, డబ్బుకి న్యాయం జరుగుతుంది. తక్కినవాళ్లు చవకది కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఇంట్లో పెనం మార్చండి. ఎటూ తేలకపోతే ఈ మీమాంసకుణ్ణే అడగండి. మీ సంగతి రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు. అతని సంగతి మాత్రం పొరపాటున కూడా అడక్కండి, లంచ్ అవరు సరిపోదు.